అందం కోసం పెట్టిన లైటు

"మా అబ్బాయి చేతి పనండి అది," అన్నారు సుభద్రమ్మ గారు, వరండాలో బల్ల మీదున్న తెల్ల డబ్బాని చీర కొంగుతో తుడుస్తూ. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన పక్క ఊరి నుంచి ఆ డబ్బా చూడ్డానికే బండేసుకుని వచ్చాడు. కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ కొత్త కోడలు శ్రీసత్యకి ఆ మాట తియ్యగానే వినిపించింది. డబ్బా చేసింది తనే. అయినా తియ్యగానే ఉంది. అత్తగారు కొడుకుని పొగిడితే తన మొగుణ్ణి పొగిడినట్టే కదా, మొగుణ్ణి పొగిడితే తనని పొగిడినట్టే కదా అని లెక్క వేసుకుని, ఆ లెక్క కుదిరినందుకు లోలోపల నవ్వుకుంటూ కాఫీ అందించింది. "పంచదార సరిపోయిందాండి?" అని అడిగింది. ఆ డబ్బా గురించి ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్నవాడికి కంటి నిండా నిద్ర ఉండదు. నీళ్ళని చిలికే ఏరియేటర్లు తిరుగుతుంటేనే రొయ్యకి ఊపిరి. మూడు ఫేజుల కరెంటులో ఒక్కటి పోయినా చక్రం మూలిగి మూలిగి ఆగిపోతుంది. గట్టు మీద కాపలా మనిషి కునుకు తీశాడా, తెల్లారేసరికి చెరువంతా చచ్చిన రొయ్యలు తేలతాయి. ఆ డబ్బా, ఫేజు పోగానే యజమానికి ఫోన్ చేస్తుంది. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో, పాలకొల్లు దగ్గర నాన్నగారి చేలో మోటారు కాలిపోయినప్పుడు శ్రీసత్యకి తట్టిన ఆలోచన అది. పెళ్ళయి ఈ ఇంటి చెరువు చూశాక, దాన్ని మళ్ళీ మొదటి నుంచి కూర్చింది.

పెళ్ళయ్యాక ఆమెకి అన్నీ సంబరంగానే ఉన్నాయి. మామగారు ఆదినారాయణరాజు గారు కోడల్ని "అమ్మాయి గారూ" అని పిలవడం సంబరం. మొగుడు రవితేజ బండి మీద గట్టుకి తీసుకెళ్తే, ఏరియేటర్ల తుంపర మొహాన పడడం సంబరం. చీర తెస్తాడనుకున్న మొగుడు రంగు కాగితంలో చుట్టి సోల్డరింగ్ ఐరన్ తెచ్చిన రోజు, దాన్ని బుగ్గకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. పొద్దున్న కాఫీలు, టిఫిన్లు, చెరువు మనుషులకి క్యారేజీలు, ఆ తర్వాత వంట. అన్నీ అయ్యాక, ఇల్లంతా నడుం వాల్చిన గంటలో వరండాలో కూర్చుని సీసం కరిగించి తీగలు అతికేది. మధ్యలో లేచి పెరుగు తోడు పెట్టేది, పప్పు నానబోసేది. "ఆ పొగ చీరకి పట్టిందమ్మా, మొహం కడుక్కుని వచ్చి పోపు పెట్టు," అనేవారు అత్తగారు. అదీ నవ్వుతూనే వినేది. ఇంటిపనుల సందుల్లో తన పని చేసుకోవడం, ఎవరూ చూడకుండా జీడిపాకం ముక్క నోట్లో వేసుకున్నట్టుండేది ఆమెకి.

డబ్బాలోని సర్క్యూట్ బోర్డు ప్రింటుకి పంపేటప్పుడు దాని మూలన తెల్లక్షరాలతో ఒక పేరు వేస్తారు. ఈ ఇంట్లో మొదటిసారి అడుగు పెట్టిన రోజున ఆడపడుచు మంజుష గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టి, "మా అన్నయ్య పేరు చెబితేనే లోపలికి, వదినా," అంది. శ్రీసత్య సిగ్గుతో ముడుచుకుపోయి, "రవితేజ గారూ నేనూ వచ్చాం" అంది. ఆ పేరు పలికినప్పటి గిలిగింత ఇంకా పోలేదు. అందుకే కంప్యూటర్లో వేళ్ళు వాటంతటవే ఆ పేరే కొట్టాయి. తన పేరు వేసుకోవచ్చన్న ఊహ అప్పుడు దగ్గరికి కూడా రాలేదు.

'గోదావరి సర్క్యూట్లు' అని ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఇంట్లో కూర్చుని సరదాగా బోర్డులు చేసుకునేవాళ్ళది. రవితేజ అందులో, మూత తీసి లోపలి బోర్డు కనపడేలా ఉన్న డబ్బా ఫోటో పెట్టి "నేను తయారుచేసిన అలారం" అని రాశాడు. ఆ ఫోటో తీసింది ఆమే. డబ్బా పక్కన బంతిపువ్వు పెట్టింది కూడా ఆమే. మెచ్చుకోళ్ళు వరసగా వచ్చిపడ్డాయి. ఆ సంతోషంలో ఉండగానే, నరసాపురం నుంచి రెబెక్కా అనే ఆవిడ రాసింది. ఆవిడ ఐటీఐలో పాఠాలు చెబుతుంది.

"రవితేజ గారూ, ఈ సర్క్యూట్ సీసంచుక్క అనే అతను ఎప్పుడో ఈ గ్రూపులోనే పెట్టాడండి. మూలనున్న నీలం లైటుకి అందులో ఏ పనీ లేదు. అందం కోసం పెట్టానని అతనే రాసుకున్నాడు. మీ బోర్డులో అదే చోట అదే లైటు ఎందుకుందండి? అతని పేరు ఒక్క ముక్క వేస్తే మీ సొమ్మేం పోయింది?"

సాయంత్రం గట్టు మీద రవితేజ మొహం వేలాడేసుకుని ఫోన్ చూపించాడు.

"ఎక్కణ్ణుంచైనా ఎత్తేశావా సత్యా? నిజం చెప్పు."

"లేదండి. ఆ సీసంచుక్క నేనే."

అతను నోరు తెరిచాడు. ఆమె చెప్పుకొచ్చింది. కాలేజీలో ఉండగా సొంత పేరుతో మొదటి బోర్డు పెడితే, "మీ అన్నయ్య చేశాడా అండి?" అని ఒకడు, "బోర్డు బాగుంది, మీ ఫోటో ఏది?" అని ఒకడు, "మేడమ్ గారూ, ఉప్మాలోకి ఎన్ని వోల్టులు వెయ్యాలి?" అని ఇంకొకడు. రెండో బోర్డుకి ఆమె సీసంచుక్క అయిపోయింది. అప్పట్నుంచి అందరూ "సూపర్ బ్రో" అన్నారు.

రవితేజ పగలబడి నవ్వాడు. "హమ్మయ్య, చంపేశావు పో! ఇంక దొంగతనమేముంది? మనదే కదా!"

"నాదని చెప్పెయ్యనాండి మరి?" అంది సరదాగా. గుండె మాత్రం సరదాగా కొట్టుకోలేదు.

"ఇప్పుడా? నాన్నగారు భీమవరమంతా చెప్పుకున్నారు. పెళ్ళాం చేసిందానికి పేరు పెట్టుకున్నాడ్రా అంటారు. నా పరువేం కాను? ఆవిడకి నా ఐడీలోంచి నువ్వే ఏదో ఒకటి రాసిపెట్టు. ఆ మాటలు నీకే వచ్చు." అని బండెక్కించుకుని, దారిలో ఆపి వేడి వేడి మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడు. ఆమె తింది. బాగున్నాయి కూడా.

మర్నాడు పొద్దున్న పులుసులోకి చింతపండు నానబెట్టి, మొగుడి ఫోన్ తీసుకుని కూర్చుంది. "మేడమ్, సీసంచుక్క పెట్టింది చిన్నపిల్లల ప్రాజెక్టు. అలాంటివి ఎవరైనా గీస్తారు. నీలం లైటు అందానికి కాదు, అది లేకపోతే వోల్టేజీ నిలకడగా ఉండదు. ఆ సంగతి తెలియక అతను అందమన్నాడు." అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో! దానికి తోకలా ఓ సూత్రం కూడా తగిలించింది. చదువుకుని, వాదన బాగా కుదిరిందని కాసేపు మురిసింది కూడా. పంపేశాక చింతపండు పిసుకుతుంటే, తను రాసిన మాటే మళ్ళీ గుర్తొచ్చింది. చిన్నపిల్లల ప్రాజెక్టు. కాలిన మోటారు పక్కన గొంతుక్కూర్చుని నాన్నగారు "నువ్వేమైనా చెయ్యగలవా అమ్మా?" అని అడగడం, హాస్టల్ గదిలో వేలు కాల్చుకోవడం, మొదటిసారి ఫోన్ మోగినప్పుడు గదిలో అమ్మాయిలంతా మంచాల మీద ఎగరడం, అన్నిటినీ తన చేత్తోనే చెత్తబుట్టలో వేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రవితేజ రెబెక్కా జవాబు చదివి వినిపించాడు. "అలాగా అండి. ఆ లైటు సంగతి నాకు తెలియదు. తొందరపడి మాటన్నాను. క్షమించండి." దాని కింద మిగతావాళ్ళు: "ఐటీఐ పిల్లలకి ఇదేనా మీరు చెప్పే చదువు?" "లేసులు అల్లుకోండి మేడమ్, మీ నరసాపురంలో దానికే గిరాకీ." "పొయ్యి మీద కూర మాడుతోందేమో చూసుకోండి."

"ఒకావిడ నన్ను దొంగంది నాన్నగారూ. నోరు మూయించాం," అన్నాడు రవితేజ, భార్య వైపు కన్ను గీటుతూ.

"ఆడవాళ్ళకెందుకొచ్చిన గోల అవన్నీ," అన్నారు సుభద్రమ్మ గారు. "అమ్మాయీ, అబ్బాయికి ఇంకొంచెం ఇగురు వెయ్యి."

శ్రీసత్య వేసింది. అందరూ తిన్నాక తను కంచం ముందు కూర్చుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకావిడ, అబ్బాయో అమ్మాయో కూడా తెలియని సీసంచుక్క కోసం, అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి అడిగింది. ఆ సీసంచుక్క ఏం చేసింది? వంటింట్లో కూర్చుని, మొగుడి పేరు కప్పుకుని, ఆవిడ తెలివినే అబద్ధం చేసింది. ఒకప్పుడు తనని తరిమిన వెటకారాలే ఇవాళ రెబెక్కా మీద పడుతుంటే, ఆ గుంపుకి గేటు తీసింది తనే. నిజం చెప్పినావిడ క్షమించమంది, అబద్ధం రాసినామె మెచ్చుకోలు పుచ్చుకుంది. 'మనదే కదా' అన్నాడు రవితేజ. పేరు దగ్గరికొచ్చేసరికి అతనిది, జవాబు రాయాల్సొచ్చేసరికి తనది, రెండూ కలిపి మనది. ఈ లెక్కలో తప్పు తెలియక కాదు. తెలిసే సరిపెట్టుకుంది. అందుకే ఇంత సిగ్గు.

ఇల్లు నడుం వాల్చింది. శ్రీసత్య చెయ్యి కడుక్కుని, తన ఫోన్లో, తన పేరున్న ఐడీలోంచి రాసింది. ఆ డబ్బా తనదని, సీసంచుక్క తనేనని, రెబెక్కా గారు అన్న ప్రతి మాటా నిజమని, లైటు గురించి రవితేజ గారి ఐడీలో రాసింది తనేనని, అది పచ్చి అబద్ధమని రాసింది. హాస్టల్ మంచం మీద పెట్టి తీసిన పాత బోర్డు ఫోటో వెతికి జతచేసింది. పంపింది. హాల్లో రవితేజ ఫోన్ టింగుమంది. మళ్ళీ మళ్ళీ టింగుమంది.

అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కోపం కంటే దెబ్బ తిన్నట్టు ఎక్కువుంది మొహం. "ఏంటి సత్యా ఇది? నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే వద్దంటారండి. మీరు వద్దంటే నేను మానేస్తాను. అందుకే చెప్పలేదు."

అతను నాన్నగారి గది వైపు చూశాడు. ఇంతలో రెబెక్కా జవాబు వచ్చింది. అందులో మెచ్చుకోలూ లేదు, ఓదార్పూ లేదు.

"శ్రీసత్య గారూ, చదివాను. మీరు చేసింది మీరెవరికి ఇచ్చుకున్నా మీ ఇష్టం. కానీ ఆ లైటు గురించి మీరు రాసింది నమ్మి, ఇవాళ నా క్లాసులో పిల్లలకి చెప్పేశాను. రేపు వెళ్ళి తప్పని చెప్పుకోవాలి. అలా ఎందుకు రాశారు? మిమ్మల్ని ఎవరైనా రాయమన్నారా?"

శ్రీసత్య "మా ఆయన రాయమన్నారండి" అని కొట్టింది. నిజమే. పంపితే ఆవిడ మెత్తబడుతుంది, గ్రూపులో ఆడవాళ్ళు అయ్యో అంటారు, తప్పంతా గుమ్మంలో నిలబడ్డ మనిషి మీదికి పోతుంది. తను మళ్ళీ హాయిగా కొత్త కోడలైపోవచ్చు. బొటనవేలు పంపే బాణం మీదే కాసేపు ఆగింది. రవితేజ చూస్తున్నాడు. ఆమె ఆ వాక్యం చెరిపి, మళ్ళీ రాసి పంపింది.

"జవాబు రాయమన్నది ఆయన. అబద్ధం మాత్రం నా సొంతమండి. ఈ ఇంట్లో చాలా సంతోషంగా ఉన్నాను, అదెక్కడ చెడిపోతుందోనని మిమ్మల్ని అబద్ధాలకోరుని చేశాను."