వెలుతురు చుక్కలు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: నిద్రలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనని. పాప నిద్రలోకి జారిందంటే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వెచ్చగా తగిలాకే తనూ ఊపిరి పీల్చుకునేది.

"పెద్దయ్యాక ముక్కు కింద నీ వేలు లేకపోతే నిద్రపోనంటుంది చూడు," అని భర్త నవ్వేవాడు.

అతను వెల్డర్. కొండదారుల్లో మొరాయించిన యంత్రాలు బాగు చేయడానికి వెళితే వారాల తరబడి ఇంటి మొహం చూసేవాడు కాదు. అందుకే తుక్కు కింద పోతున్న పాత లారీని కొని, వెనక తొట్టి మీద రేకులతో గది కట్టడం మొదలుపెట్టాడు. మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డబ్బా, పాప దొర్లిపోకుండా అడ్డకర్ర ఉన్న చిన్న పరుపు. ఇకమీదట ఎక్కడికెళ్లినా ముగ్గురూ కలిసే. ఆమెకూ అంతకంటే కావలసింది లేదు.

మట్టిదారి దుమ్ము లోపలికి రాకూడదని అతని పట్టుదల. పట్టపగలు ఇద్దరూ లోపల కూర్చుని కిటికీ, తలుపు మూసేవారు. చీకట్లో ఎక్కడ వెలుతురు చుక్క మెరిస్తే అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టి, బంక నింపేవాడు. చివరి చుక్క ఆరిపోయిన రోజు గంతేశాడు.

"చీమ కూడా దూరలేదు, చూశావా!"

"చీమ సంగతి సరే, గాలెలా దూరుతుందండీ?"

"కిటికీ ఉందిగా, మహాతల్లీ."

"వాన పడితే మూస్తాంగా. పైన ఓ కన్నం పెట్టండి."

"ఇన్నాళ్లూ కన్నాలు పూడ్చి, ఇప్పుడు నేనే పొడవాలా? నీ భయాలన్నిటికీ కోసుకుంటూ పోతే లారీ జల్లెడైపోతుంది."

ఆమె పాపను మాత్రం ఆ గదిలో పడుకోబెట్టలేదు.

ఇంతలో ముసురు పట్టింది. ఒకప్పుడు లారీలు నడిపిన మామగారు, "కొత్తింట్లో మొదటి టీ నాదే," అంటూ ఓ మధ్యాహ్నం లోపలికెక్కి, జల్లు కొడుతోందని కిటికీ, తలుపు బిగించుకున్నాడు. కాసేపటికి గురక అందుకుంది. ఆ గురక కొండెక్కే లారీలా వీధి చివరిదాకా వినిపిస్తుంది. వసారాలో పాప బట్టలు ఆరేస్తున్న ఆమెకు ఉన్నట్టుండి ఏదో వెలితిగా తోచింది. గురక లేదు.

చేతిలో బట్ట అక్కడే పడేసి పరుగెత్తింది. తలుపు లాగేసరికి వేడిగాలి మొహాన కొట్టింది. వెచ్చగా ఉంటుందని పొయ్యి ఆర్పకుండానే పడుకున్నాడాయన. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పొయ్యి కట్టేసి, "ఏవండీ!" అని కేక వేసింది. భర్త పరుగున వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని వానలోకే ఈడ్చుకొచ్చారు. ఆమె వేలు ఆయన ముక్కు దగ్గర పెట్టింది. సన్నగా, వెచ్చగా తగిలింది.

మూసిన గదిలో పొయ్యి మండి గాలి విషమైందన్నారు ఆస్పత్రిలో. ఆక్సిజన్ పెట్టాక ఆయన కళ్లు తెరిచి, ముందు తన ముక్కు దగ్గరున్న కోడలి చెయ్యి చూశాడు. "ఏంటమ్మాయ్, ముసలాడి ముక్కు మీద కూడా నీ వేలేనా?"

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. భర్త మొహం గోడకేసి తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాక అతను రేకు కోసే మిషన్ తెచ్చి, సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. "ఎక్కడెక్కడ కొయ్యాలో నువ్వే గియ్యి."

ఆమె కప్పు దగ్గర ఒక సున్నా చుట్టింది, పాప పరుపు పక్కన కింద ఇంకొకటి. పొయ్యి మీద పెద్ద ఇంటూ కొట్టింది. "ఇది బయటికి."

"దుమ్ము వస్తుందే."

"తుడుచుకుందాం."

ఇప్పుడా లారీ ఏ కొండ మీదో ఉంటుంది. కన్నాల్లోంచి పడే వెలుతురు చుక్కల్ని పాప పట్టుకోబోతుంది. అది నిద్రపోయాక ఆమె ఇంకా ముక్కు దగ్గర వేలు పెడుతూనే ఉంది. అతను నవ్వడం మానేశాడు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, చలికి పొయ్యి వెలిగించి, అన్నీ బిగించుకుని వెచ్చగా పడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? కథ అయిపోయింది కదా, ఒక్కసారి వెళ్లి తలుపు తట్టి చూసి రండి.