పోస్టాఫీసు పావురాలు

రోజూ పొద్దున తొమ్మిదింటికల్లా జిగురు డబ్బా, కాగితాల కట్ట చంకన పెట్టుకుని బయల్దేరడం నోటీసమ్మ పని. మునిసిపాలిటీలో పక్షుల విభాగం ఆమెది. ఏ చూరు కిందైనా పావురాలు మితిమీరి రెట్టలేసి జనాన్ని సతాయిస్తే, వల కట్టేముందు వాటికి ఏడు రోజుల గడువిస్తూ నోటీసు అంటించాలి. గుడ్లున్న గూడు జోలికి పోకూడదు. పావురాలు చదువుకుని, గడువు రోజు సాయంత్రానికల్లా బుద్ధిగా మకాం మార్చేసేవి. ఒక్కటే జాగ్రత్త, కాగితం వాటి వైపు తిప్పి అంటించాలి.

ఇంతా చేస్తే ఆమె ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. రెండేళ్లుగా వాళ్లమ్మది రోజూ ఒకటే పాట, "పర్మినెంటయిందా?" అని.

ఆ వారం పోస్టాఫీసు చూరుకి నోటీసు ఆఫీసరుగారే స్వయంగా అంటించొచ్చారు. తీరా ఏడో రోజు సాయంత్రం నోటీసమ్మనీ వలలవాళ్లనీ వెంటబెట్టుకుని వెళ్తే, ఒక్క పావురం కదిలితే ఒట్టు. ఓ గూట్లో రెండు గుడ్లు కూడాను.

"తీసి పారెయ్యమ్మా," అన్నాడాయన.

నోటీసమ్మ నిచ్చెనెక్కి చూసింది. "కాగితం వీధి వైపుంది సార్. పాపం వాటికేం తెలుస్తుంది? పైగా గుడ్లున్నాయి. నేను ముట్టుకోను."

"రేపు నీ పర్మినెంటు కాగితం నా దగ్గరికే వస్తుంది, గుర్తుంచుకో."

ఆమె రెండేళ్లుగా ఎదురుచూస్తున్నది ఆ కాగితం కోసమే. అయినా ఆ నోటీసు పీకేసి, పిల్లలు ఎగిరేదాకా గడువని కొత్తది రాసి, గూళ్ల వైపు తిప్పి అంటించి మరీ దిగింది.

మర్నాడు ఇద్దరూ ఆఫీసు తలుపు తీసేసరికి ఆ పర్మినెంటు కాగితం బల్ల మీదుంది. అందులో 'నోటీసు అందుకున్నవారి అభిప్రాయం' అని ఓ గడి ఉంటుంది. అది నిండితే ఆఫీసరు కాదనడానికి వీల్లేదు. ఇన్నేళ్లలో ఎవరికీ నిండిన పాపాన పోలేదు. ఇవాళ మాత్రం నీలి సిరా కాలిముద్రలతో కిక్కిరిసిపోయింది.

ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని, ముద్రలన్నీ ఓపిగ్గా చూసి, సంతకం పెట్టాడు. "ఇంకుప్యాడ్‌కి మూత కూడా పెట్టి వెళ్లాయి. మన గుమాస్తాకి ఈ బుద్ధి ఎప్పుడొస్తుందో."

నోటీసమ్మకి నవ్వూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు. ఆ చేత్తోనే ఇంటికి ఫోన్ చేసింది.

"పర్మినెంటయిందా?" అంది అమ్మ, ఫోన్ ఎత్తుతూనే.

"అయిందమ్మా. పోస్టాఫీసు పావురాలు పూచీ పడ్డాయి."

"చల్లగా ఉండాలి," అంది అమ్మ. "పిల్లలు ఎగిరేదాకా మీ ఆఫీసరుని అటువైపు పోనివ్వకు."