సముద్రపు గాలిలో మార్చిన లెన్సు

ఒక్కరోజుకని బతిమాలి తీసుకెళ్లిన కెమెరాను తమ్ముడు తిరిగిచ్చాడు. అక్క జూమ్ తిప్పగానే లోపల ఇసుక కరకరలాడింది. లెన్సు విప్పి చూస్తే, లోపల బొమ్మను పట్టే సెన్సరు నిండా గీతలే. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పెళ్లిళ్ల ఫొటోలు తీసి బతికే మనిషి ఆమె. ఆ సాయంత్రమే ఒక పెళ్లి ఉంది.

"సముద్రం ఒడ్డున, ఇసుక ఎగిరే గాలిలో లెన్సు విప్పి మార్చావా?"

"దూరంగా పడవ కనిపించిందక్కా, పెద్ద లెన్సు పెట్టాను. ఇంత చిన్న కెమెరాకి అంత కోపమెందుకు?"

"నా పొట్ట కొట్టి చిన్నదంటావా? పద, ఆ మాట పెళ్లికూతురికి నువ్వే చెప్పు!"

అక్క తమ్ముడి రెక్క పట్టుకుని పెళ్లింటికి లాక్కెళ్లింది. విషయం విని పెళ్లికూతురు ఏడ్చేసింది. తమ్ముడు తలదించుకుని వెళ్లి, ఊరంతా తిరిగి ఇంకో కెమెరా అద్దెకు తెచ్చాడు. ఫొటోలు బాగానే వచ్చాయి. అయినా అక్క చాలాకాలం అతని ముఖం చూడలేదు.