మేనత్త కొంగులో పుట్టెంట్రుకలు

అప్పుడే నడక నేర్చిన మా చంటిదాని తలలో ఒక పాయ రంగు మారిందని దానికి నీళ్లు పోస్తున్నప్పుడు చూశాను. ఎడమ చెవి వెనక, చిటికెన వేలంత పాయ. మొక్కజొన్న పీచు రంగులో ఉంది. కుంకుడు నురుగేమో అనుకుని మళ్లీ కడిగాను. నురుగు కాదు. మిగతా జుట్టంతా ఎప్పటిలా నల్లగానే ఉంది.

అవి పుట్టెంట్రుకలు. నా మొదటి కాన్పు నిలవలేదు. ఇది కడుపులో ఉండగానే, బతికి బట్టకడితే అనంతగిరి గుట్ట మీది గుడిలో తలనీలాలు తీయిస్తానని మొక్కుకున్నాను. అప్పటిదాకా కత్తి గానీ కత్తెర గానీ తగలకూడదు. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను కూడా బయట పారేయకుండా గుడ్డలో చుట్టి దూలం సందులో పెట్టేదాన్ని. ఎనభై మూడు ఎండాకాలం అది. మా తాండూరు చుట్టుపక్కల ఎవరి నోట విన్నా బాణామతి మాటే. యాలాల్ దిక్కు ఒక కోడలికి రాత్రికి రాత్రి జుట్టు ఊడిందట, ఇంకెవరికో పెట్టెలో మడత పెట్టిన చీర దానంతటదే కాలిందట. వినకూడదనుకుంటూనే వినేదాన్ని.

పక్కింటి కొండమ్మకు పాయ చూపించాను. ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది. తరవాత గొంతు తగ్గించి ఒకటే అన్నది.

"మీ ఇంట్లకు కొత్తగ ఎవరొచ్చిన్రో యాది చేసుకో సత్తెమ్మా."

యాది చేసుకునే పనేముంది. వచ్చింది ఒక్కతే. మా ఆయన చెల్లెలు పద్మమ్మ. ఉగాది వెళ్లాక ఒక ట్రంకుపెట్టె పట్టుకుని కుల్కచర్లలోని అత్తగారింటి నుంచి వచ్చింది. కొద్ది రోజులు ఉంటుందని మా ఆయన చెప్పాడు. ఎందుకొచ్చిందో చెప్పలేదు. తీసుకుపోవడానికి ఆమె భర్త బాల్‌రాజ్ రాలేదు, కబురూ పెట్టలేదు. వచ్చిన నాటి నుంచీ ఆమె తల మీద కొంగు దించేది కాదు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ, అదీ అంత ఎండలో, తల కప్పుకుని తిరగడం నేనెక్కడా చూడలేదు. పొయ్యి దగ్గర చెమటలు కారుతున్నా కొంగు జారనిచ్చేది కాదు. స్నానం అందరి తరవాత చేసేది. ఆమె చేసి బయటికొచ్చాక స్నానాల గదిలో ఏదో మందు వాసన మిగిలేది.

నేను వంటలో ఉంటే చంటిదాన్ని ఎత్తుకునేది ఆమే. అంతకంటే భయం ఇంకొకటి. మా ఇళ్లల్లో పుట్టెంట్రుకలు తీసేటప్పుడు మేనమామ ఒళ్లో కూచోబెట్టుకోవాలి, మేనత్త కొంగు పట్టాలి. ఒక్క వెంట్రుక నేల మీద పడినా మొక్కు తీరనట్టే. అంటే నా బిడ్డ తల మీది వెంట్రుకలన్నీ పద్మమ్మ చేతికి పోతాయి. ఒక్క పాయకే ఇట్లయితే, అన్నీ చేతికిస్తే ఏమవుతుందోనని నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆమె బట్టలు ఆరేయడానికి పోయినప్పుడు స్నానాల గదంతా వెతికాను. కుంకుడుకాయల డబ్బా వెనక గోధుమరంగు సీసా, అరిగిపోయిన పళ్లు తోమే బ్రష్షు దొరికాయి. సీసా మీద ఇంగ్లీషు. వికారాబాదులో ఏడో తరగతి చదువుతుండగా మా అమ్మకు పక్షవాతం వచ్చి నన్ను బడి మాన్పించారు. అక్షరాలు కూడబలుక్కోగలిగాను గానీ అర్థం తెలియలేదు. మూత తీసి ఒక చుక్క వేలి మీద వేసుకున్నాను. నీళ్లలాగే ఉంది. కాసేపటికి చురచురమన్నది. చూస్తుండగా వేలి కొన సున్నం పూసినట్టు తెల్లబడింది. రుద్దాను, కడిగాను, పోలేదు. సీసాను కొంగులో దాచుకుని బస్టాండు దగ్గరి మందుల దుకాణానికి పోయాను. గాయాలు కడిగే నురుగు మందని, తెలుపు కాసేపట్లో దానంతటదే పోతుందని దుకాణదారు తేలిగ్గా చెప్పాడు. పోయింది కూడా. కాని మా ఇంట్లో గాయాలెవరికి ఉన్నాయి? సీసాను మళ్లీ డబ్బా వెనకే పెట్టేశాను.

సాయంత్రం మా ఆయన జనార్దన్ కరణ్‌కోట దగ్గర కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీ పని నుంచి సైకిల్ మీద వచ్చాడు, కనురెప్పల దాకా సిమెంటు దుమ్ముతో. కాళ్లు కడుక్కోనిచ్చి అంతా చెప్పాను. కొంగు కొండమ్మతో పట్టిస్తానన్నాను. ఆయన చెంబు కింద పెట్టాడు.

"నా చెల్లె మీద గా మాట ఇంకోసారి అనకు. మేనత్త బతికుండంగ బయటి మందితోని కొంగు పట్టిస్తవా? అది కొంగు పడితేనే ఎంటికలు తీస్తరు. లేకుంటె లేదు."

ఆ తరవాత ఆయనతో మాట్లాడి లాభం లేకపోయింది. ఐతారమే పోదామని తనే తేదీ పెట్టాడు. కుల్కచర్లకు కూడా కబురు పంపాడు.

అప్పటి నుంచి చంటిదాన్ని చంక దించలేదు. దాన్ని ఎత్తుకునే రొట్టెలు కొట్టాను, బిందె మోశాను. పొగకు దగ్గుతోంది, ఇటివ్వమని పద్మమ్మ చేతులు చాపితే పక్కకు తిరిగాను. ఆమె చేతులు కాసేపు అట్లాగే ఉండి కిందికి దిగాయి. చీపురు అందుకుని వాకిట్లోకి పోయింది. తప్పు చెయ్యనిదైతే ఎందుకని అడగదా, అనుకున్నాను.

శుక్రవారం జొన్నలు పట్టించుకొస్తానని చెప్పి చంటిదానితో బయల్దేరాను. మూల మలుపు దాకా పోయి, వెనక సందులోంచి తిరిగొచ్చాను. పెరటి తలుపు చప్పుడు కాకుండా తోశాను.

పద్మమ్మ నాపరాయి మీద, ఎండకు ఎదురుగా, నాకు వీపు పెట్టి కూచుని ఉంది. కొంగు లేదు. జుట్టంతా విరబోసుకుంది. నీళ్ల గోలేనికి అద్దం ఆనించి, పక్కన గిన్నెలో ఆ మందు పోసుకుంది. దువ్వెన కొసతో దారమంత సన్నటి పాయ విడదీసి, ఎడమ అరచేతి మీద పరుచుకుని, బ్రష్షు ముంచి పైనుంచి కిందికి పూసింది. కొంచెం నల్ల జుట్టు వదిలి ఇంకో పాయ తీసింది. గడపకు పసుపు రాసినంత నిదానంగా చేస్తోంది. అప్పటికే పూసిన పాయలు కొన్ని ఎర్రగా, కొన్ని ఇంకా లేతగా, చంటిదాని పాయ రంగులోనే ఉన్నాయి.

అద్దంలో నన్ను చూసింది. లేవలేదు. ఇటు తిరిగింది. నుదుటి పైన, పాపిట పక్కనే, రెండు వేళ్ల వెడల్పున జుట్టు పాల లాగా తెల్లగా ఉంది.

"సూస్తివి గద వదినె. గిదే నా కత."

సంక్రాంతికి ముందు తెల్లబడటం మొదలైందట. ఆమె అత్త దేవమ్మ అది బొల్లి అన్నది, ఒళ్లంతా పాకుతుందన్నది, అన్నం కుండ ముట్టనివ్వలేదు, చివరికి నయమైనాకనే రమ్మని పంపేసింది. నల్లరంగు పూసుకుంటే పద్మమ్మకు కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాచింది. గోరింటాకు పెడితే తెల్లది నిప్పులాగా ఎర్రబడి వీధి కొస నుంచి కూడా కనబడిందట. పెళ్లికూతుళ్లకు మెహందీ పెట్టే హాజిరాబీ ఈ ఉపాయం చెప్పింది: తెల్లదాన్ని నల్లగా చెయ్యలేనప్పుడు చుట్టూ ఉన్న నల్లవాటిలో అక్కడక్కడ ఈ మందు పూసి లేతరంగు చేస్తే అన్నీ కలిసిపోతాయని.

నాకు ఆ కథతో పని లేదు. "మరి నా బిడ్డకెందుకు పూసినవ్?" అని అడిగాను.

ఆమె అర్థం కానట్టు చూసింది. చెవి వెనక పాయ చూపిస్తే మొహంలో రక్తం లేకుండా పోయింది.

"నేను పుయ్యలె వదినె. ఒకనాడు ఎండల కూసుంటె ఎనకనుంచి వచ్చి నా ఈపెక్కింది, బ్రష్షు గుంజుకుంది. గప్పుడు తగిలిందేమొ. నా తల పనిల నేను సూస్కోలె."

నా వేలు తెల్లబడింది గుర్తొచ్చి సగం నమ్మాను. మిగతా సగం నమ్మలేదు. అప్పుడామె ఇంకొక మాట అన్నది. ఐతారం దేవమ్మ, బాల్‌రాజ్ వస్తున్నారు. కొంగు పరిస్తే తల మీద కొంగు ఉండదు. ఇంకా సగం తల కూడా పూసుకోలేదు, మందేమో అయిపోవచ్చింది.

"నేను పట్ట వదినె. కొండమ్మతోని పట్టియ్యి. అన్నకు నువ్వే ఏదన్న చెప్పు."

నేను కోరుకున్నది అదే. తీరా ఆమె నోటి నుంచే వచ్చేసరికి దానిమీదా అనుమానం పుట్టింది. మేనత్త ఎదురుగా ఉండి కొంగు పట్టకపోతే అది మొక్కు తీర్చినట్టా? కావాలనే తప్పుకుంటోందా? రెండు రోజులూ ఆలోచించాను, ఏదీ తేలలేదు.

ఐతారం పొద్దున కొండమ్మనూ వెంటబెట్టుకుని రైల్లో వికారాబాదు పోయి, అక్కడి నుంచి జీపులో గుట్ట ఎక్కాం. దేవమ్మ, బాల్‌రాజ్ మా కంటే ముందే వచ్చి చెట్టు నీడన కూచున్నారు. దేవమ్మ పలకరింపులన్నీ నాతోనే. చూపు మాత్రం పద్మమ్మ తల మీది కొంగు మీదే. బాల్‌రాజ్ రుమాలు మడతలు పెట్టడం, విప్పడం తప్ప ఏమీ చెయ్యలేదు.

మా తమ్ముడు చంటిదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. మంగలి తల తడిపి, కత్తి నూరుకుంటూ, మేనత్త ఎవరని అడిగాడు. కొండమ్మ నా సైగ కోసం కొంగు చివర పట్టుకుని నిలబడింది. పద్మమ్మ నేల చూస్తోంది. చంటిది నీళ్ల చలికి ఏడుపు ఎత్తుకుంది. ఆ ఏడుపు వింటే మొదటి కాన్పు గుర్తొచ్చింది. ఈ మొక్కులో లోటు రానివ్వకూడదనిపించింది.

"పద్మా, నువ్వే పట్టాలె" అన్నాను.

ఆమె నన్ను ఒక్కసారి చూసింది. కొంగు తల మీంచి తీసి, రెండు చేతులా పరిచి, ముందుకొచ్చి కూచుంది. ఎండ నేరుగా ఆమె తల మీద పడింది. పూసినవైపు తెల్లపాయ మిగతావాటిలో కలిసిపోయి ఎక్కడుందో తెలియడం లేదు. పూయనివైపు మాత్రం నల్లగా ఉండి, తలంతా వింతగా కనబడింది. వెంట్రుకలు కొంగులో పడుతున్నంతసేపూ చేతులు కదిలించడానికి లేదు, తల కప్పుకోవడానికి లేదు. నేను కొంగునే చూస్తున్నాను. ఒక్కటీ కింద పడలేదు.

దేవమ్మ లేచొచ్చి ఆమె మీదికి వంగింది. "గీ ఎంటికలేంది గిట్లయినయి? తెల్లది ఏడ వాయె?"

"ఏడికి పోలె అత్తమ్మా. గీ ఎంటికలల్లనే ఉంది" అని పద్మమ్మ తల ఇంకా వంచింది.

దేవమ్మ వేలు పెట్టబోయి, పెట్టకుండా వెనక్కి తీసుకుంది.

భోజనాలప్పుడు పద్మమ్మ పులిహోర వడ్డిస్తూ వచ్చింది. దేవమ్మ విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది, ఆకలి లేదన్నది. పద్మమ్మ గరిటె పట్టుకుని అక్కడే ఆగిపోయింది. నేను గంధం పూసిన గుండుతో ఉన్న చంటిదాన్ని తీసుకుపోయి ఆమె చంకలో పెట్టాను. దీనికి నువ్వే తినిపియ్యమని దేవమ్మకు వినబడేట్టు చెప్పాను. పద్మమ్మ కూచుని చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టింది. చంటిది నమిలింది. ప్రతి ముద్దా ఆ వేళ్ల నుంచి దాని నోట్లోకి పోయేదాకా చూశాను.

"నాకు గూడ ఎయ్యి" అని బాల్‌రాజ్ విస్తరి ముందుకు జరిపాడు. తల్లి అతని మోచెయ్యి పట్టుకుంది. అతను ఎడమచేత్తో విడిపించుకున్నాడు గానీ ఆమె వైపు చూడలేదు.

కుల్కచర్ల బస్సు ఎక్కేముందు బాల్‌రాజ్, వానలు పడి విత్తనాలు వేసినాక వచ్చి తీసుకుపోతానన్నాడు. పద్మమ్మ తల ఊపింది.

తిరుగు రైల్లో చంటిది ఆమె ఒళ్లోనే నిద్రపోయింది. నేను తీసుకోలేదు. ఆమె చెయ్యి ఆ గుండు మీద ఆడుతూ ఉంది. ధారూరు దాటాక అడిగింది, వస్తడంటవా వదినె, అని.

వస్తడనే అన్నాను. కాని వచ్చి తీసుకుపోతానని చెప్పేటప్పుడు బాల్‌రాజ్ చూపు పద్మమ్మ మొహం మీద లేదు. బస్సు ఎక్కుతున్న తల్లి మీద ఉంది. అది నేను చూశాను.