నైలాన్ తీగల గిటారు

గుంటూరులో బస్సు దిగగానే కోటిరత్నం సంచి తడిమి చూసుకుంది. సంచిలో ఆరు వందలున్నాయి. మిరపకోతలు అయ్యాక సంఘం వాళ్లు తలా కొంత వేసి, చర్చికి గిటారు కొనుక్కురమ్మని ఇచ్చిన డబ్బు. ఆమె బడిలో టీచరు, ఆదివారాలు పాటల బృందాన్ని నడుపుతుంది. పాడటం వచ్చు గానీ గిటారు పట్టుకోవడం కూడా రాదు.

పాత గిటారు అమెరికాది. పాతికేళ్ల కిందట ఊరు విడిచి వెళ్తూ మిషను దొరసాని, చర్చి పాటలకు గిటారు వాయించే జయరావు మాస్టారికి ఇచ్చింది. మొన్న వానల్లో చర్చి కప్పు కారి దాని పొట్ట చెక్క ఉబ్బి విడిపోయింది. అప్పటినుంచి మాస్టారు దాని ఊసే ఎత్తడం లేదు. బెంగ పెట్టుకున్నాడని అందరూ అనుకున్నారు.

"అచ్చం అట్టాంటిదే తేవాలమ్మా. తేడా వస్తే ఆయన ముట్టుకోడు" అని సంఘపెద్ద యేసుపాదం బస్సెక్కేదాకా చెబుతూనే ఉన్నాడు.

వాద్యాలు బాగుచేసి అమ్మే ఇమాం హుస్సేన్ కొట్టులో అలాంటిది ఒకటి ఉంది. నాలుగు వేలన్నాడు. తను టీచరునని, చేతిలో ఆరు వందలే ఉన్నాయని ఆమె చెప్పింది.

"మీ డబ్బుకి రెండున్నాయి టీచరమ్మా" అంటూ ఆయన ఒకటి దించాడు. ఉక్కు తీగలు, తేనె రంగు, చూడటానికి దొరసాని గిటారులాగే ఉంది. మీటితే కొట్టంతా మోగింది. ఆమె ప్రాణం కుదుటపడింది. రెండోది వెడల్పాటి మెడతో బోసిగా ఉంది. నైలాన్ తీగలు.

"మొదటిదే ఇవ్వండి" అంది.

"వాయించేదెవరు?"

"మా మాస్టారు. అరవై ఏడేళ్లు."

"చేతులెట్టా ఉన్నాయి ఆయనకి?"

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. కిందటి ఆదివారం మాస్టారు టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగాడు. చొక్కా గుండీలు భార్య బసవమ్మ పెడుతోంది. పాత గిటారు పాడవక ముందు కూడా ఏడాదిగా ఏదో వంక చెప్పి వారానికి రెండు పాటలకే ఆపేసేవాడు. వయసులే అనుకుంది తను.

ఇమాం హుస్సేన్ ఆమె వేలిని ఉక్కు తీగ మీద నొక్కమన్నాడు. చర్మం కోసుకుపోయినట్టయింది. నైలాన్ తీగ మెత్తగా దిగింది.

"దీని శబ్దం చిన్నది. నిజం చెప్తున్నా. మందిలో ఆనదు."

మాస్టారి వేళ్లు నొప్పులన్న తన అనుమానం తప్పయితే? కూలిచేసుకునే వాళ్ల డబ్బు బొమ్మగిటారుకు తగలేసిందంటారు. నిజమైతే, ఆ తేనె రంగుది గోడకు వేలాడుతుంది.

"నచ్చకపోతే మార్చుకోవచ్చా?"

"తీగలు మారుస్తానమ్మా. గిటారు మార్చను."

ఆమె రెండుసార్లు గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చివరికి వెడల్పు మెడదే కట్టించుకుంది. బస్సులో మిరపకాయ బస్తాల మధ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, మాస్టారి వేళ్ల గురించి ఒక్కర్నయినా అడగకుండా వచ్చానే అని దారంతా తనను తానే తిట్టుకుంది.

ఊళ్లో బస్సు స్టాపులో యేసుపాదం గిటారుకు చుట్టిన గుడ్డ విప్పి చూశాడు. "ఇదేందమ్మా, ప్లాస్టిక్ తీగలా! పిల్లలాడుకునేదా?"

ఆమె గిటారు తీసుకుని నేరుగా మాస్టారింటికి నడిచింది. ఆయన గిటారు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"నాకెందుకమ్మా ఇప్పుడు."

బసవమ్మ దాన్ని ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన పళ్లు బిగించి తీగల మీద వేళ్లు ఆనించాడు. నొప్పికి సిద్ధపడ్డ మొహం మెల్లగా వదులైంది. ఇంకోసారి నొక్కాడు. తర్వాత, తడబడుతూనే, ఓ కీర్తన మొత్తం వాయించాడు. వెంట వచ్చిన యేసుపాదం గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"పాతది తడిసిన రోజు నాకు ఏడుపు రాలేదు కోటిరత్నం" అన్నాడు మాస్టారు తల దించుకుని. "ఇక వాయించమని ఎవరూ అడగరులే అని ఊపిరి పీల్చుకున్నా. ఆ మాట ఎవరితో చెప్పను?"

ఆదివారం వెనక బెంచీలకు గిటారు వినపడలేదు. యేసుపాదం గొణుగుతూనే ఉన్నాడు. కోటిరత్నం చెయ్యెత్తి పాడేవాళ్లను గొంతు తగ్గించమంది. రెండో చరణానికి తగ్గించారు. ఆ రోజు మాస్టారు అయిదు పాటలు వాయించాడు.