మరమగ్గాల ఇంటి మాట

స్పీకర్లలో మొదటి పాట ఎత్తుకోగానే భువనేశ్వరికి తెలిసిపోయింది. ఆ గొంతు తన తండ్రిది కాదు.

తిరుపతిలో అద్దె హాలు. వేదిక మీద ఆమె తండ్రి కుప్పుస్వామి, మెడలో దండ, ఒళ్లో తన ఆల్బమ్ అట్ట. నగరిలో చేమగ్గం నేస్తూ కట్టి పాడిన పాటలు ఆయనవి. ఆ తర్వాత మరమగ్గాలు వచ్చాయి. వాటి మోత ఆయన చెవుల్ని పూర్తిగా తినేసింది. ఇన్నాళ్లకు హేమచంద్ర అనే కుర్రాడు రికార్డు చేస్తానన్నాడు. "నాకు వినపడకపోతే ఏమి? నా గొంతు మిగిలితే సాలు" అంటూ ముసలాయన దగ్గును అణుచుకుని మరీ పాడివచ్చాడు.

భువనేశ్వరి హేమచంద్రను తెర వెనక్కి లాగింది.

"ఎవురప్పా ఈ పాడేది?"

"కంప్యూటరక్కా. పెద్దాయన గొంతు వణుకుతా ఉండాది, ఎవురింటారు? మాటలాయనవే, రాగమాయనదే. ఆయనకెట్లాగూ వినపడదు గదా. గమ్మునుండు."

తిరిగి వేదిక అంచుకు వచ్చేసరికి హాలంతా చప్పట్లు.

"ఈ వయసులో ఏం గొంతబ్బా! పెండ్లికొడుకు పాడినట్లుండాది!" ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

కుప్పుస్వామి కూతురి వైపు తిరిగి గడ్డం ఎగరేశాడు, ఎట్లుండాది అన్నట్టు. ఆమె నవ్వి, బాగుందని తలూపింది. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక, ఆయన భుజం మీదుగా అవతలి తెర దగ్గరున్న మొగుణ్ని చూసింది. ఎల్లప్ప ఏమైందని సైగ చేశాడు.

మరమగ్గాల మోతలో బతికేవాళ్లకు మాటాడాలంటే గొంతుతో పనిలేదు. పెదవులు కదిపితే చాలు. అలవాటు కొద్దీ కదిపేసింది.

'అది నాయన గొంతు కాదు. మోసం చేసినారు.'

పక్కనే ఉన్న హేమచంద్రకు ఏమీ తెలియలేదు. ఎల్లప్ప మాత్రం కంగారుగా ఆమె తండ్రి వైపు చూపించాడు. అప్పుడు తట్టింది భువనేశ్వరికి. ఆ హాల్లో ఆ మాట చదవగలిగినవాళ్లు ఇద్దరు. రెండోవాడు మధ్యలోనే కూర్చుని, ఇంకా ఆమె ముఖమే చూస్తున్నాడు.

పాట అయిపోయింది. హేమచంద్ర శాలువా పట్టుకొచ్చి, మైకు అందించాడు. కుప్పుస్వామి లేచాడు. శాలువాను చేత్తో నెట్టాడు.

"నాకొద్దప్పా. పాడినోడికి కప్పు. యాడుండాడు వాడు? పిలవండి. బాగా పాడినాడంట గదా."

పెద్దాయన హాస్యమాడాడనుకుని హాలు విరగబడి నవ్వింది. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

ఆయన మైకు దించి కూతురి వైపు తిరిగాడు. పెదవులు మాత్రం కదిలాయి.

'నువ్వు గూడా తలూపితివి గదమ్మా.'