పదిసార్ల పూత

సంతోక్ మందుగిన్నె పట్టుకుని బయలుదేరిందంటే ఝమ్కూకు ఒళ్ళు మండిపోయేది. సంతోక్ ఆమె తోడికోడలు, మరిది పెళ్ళాం. బనాస్ ఏటి ఒడ్డున ఆ ఊళ్ళో ఎవరి గేదెకు పొదుగు వాచినా కబురు సంతోక్‌కే వెళ్ళేది. కలబంద, పసుపు, సున్నం కలిపి నూరే ఆ మందును చనిపోయిన అత్తగారు చిన్న కోడలికి నేర్పింది. పదహారేళ్ళు చాకిరీ చేసింది పెద్ద కోడలు, పేరేమో నిన్నగాక మొన్న వచ్చినదానికి.

"పొద్దుటి నుంచి ఇది అయిదోసారి వెళ్ళడం. మందు రాయడానికా, ఊరికి మొహం చూపించుకోడానికా?" అని ఊరివాళ్ళు పాలు పోసే సహకార మండలి దగ్గర క్యాను దించుతూ ఝమ్కూ అనేది. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. మళ్ళీ గేదెకు నయమైతే సంతోక్‌నే పొగిడేవాళ్ళు.

ఆ ఎండాకాలం ఝమ్కూ గేదె భూరీకే పొదుగు గట్టిపడింది. ఒక చన్నులోంచి పాలు విరిగి ముక్కలుగా పడ్డాయి. ఆ చన్ను ఎండితే ఇక పోయినట్టే. అయినా సంతోక్ గడప తొక్కడానికి మనసొప్పలేదు. గోడ మీంచి తొంగిచూసి ఆమె ఏమేం కలుపుతోందో కనిపెట్టింది. 'పదిసార్లు తిరిగే తీరిక నాకెక్కడిదమ్మా' అనుకుని, మందు రెండింతలు నూరి, పొదుగంతా ఒక్కసారే దట్టంగా మెత్తేసి పొలానికి పోయింది. సాయంత్రానికి పూత ఎండి పెచ్చులు కట్టింది. చెయ్యి వేస్తే భూరీ తన్నింది. పాలలో నెత్తుటి జీర కనబడింది.

ఝమ్కూ ఏడుస్తూ వెళ్ళి తోడికోడలి గుమ్మంలో నిలబడింది.

"పద అక్కా," అంది సంతోక్. ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండేదనిపించింది ఝమ్కూకు.

సంతోక్ పెచ్చులు నానబెట్టి కడిగింది. చెడ్డ పాలు పూర్తిగా పిండి పారబోసింది. మందు పల్చగా రాసింది. గంట తిరక్కుండా మళ్ళీ కడిగి మళ్ళీ రాసింది. "ఎంత మెత్తామన్నది కాదక్కా, ఎన్నిసార్లు రాశామన్నదే లెక్క," అంది.

నాలుగోరోజుకు పొదుగు మెత్తబడింది, పాలు తెల్లగా వచ్చాయి. భూరీ సంతోక్ మోచెయ్యి నాకింది. అది చూసి కూడా ఝమ్కూ కడుపు రగిలింది.

"నిజం చెప్పు. అత్త నీకే ఎందుకు నేర్పింది? నేనేం పాపం చేశాను?"

సంతోక్ తటపటాయించింది. "వద్దులే, బాధపడతావు."

"చెప్పు!"

"ముందు నీకే చూపించిందట, నువ్వు కాపురానికొచ్చిన ఏడు. రెండోసారి రాయమంటే 'పొద్దున రాశాగా' అని వెళ్ళి పడుకున్నావట. 'పెద్దదానితో అనకే, చిన్నబుచ్చుకుంటుంది' అని నాతో ఒట్టు వేయించుకుంది."

ఝమ్కూకు ఆ మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె కుళ్ళుకున్నది తాను వద్దనుకున్నదాని కోసమే. సిగ్గుతో మొహం అటు తిప్పుకుంది.

"ఇంకెన్ని రోజులు రాయాలి?" అంది.

"రెండు."

"గిన్నె ఇక్కడ పెట్టి వెళ్ళు."